జానెడు కుర్సురా

ఆటబొమ్మ అనుకుంటున్నరా దాన్ని? అలమరల అద్దం ఎనుక పెట్టిందే మీ అసొంటి పోరగాండ్లకు భయపడి. చెయ్యి తాకితె పైన నిలబడ్డ పుల్లలు పుటుక్కున ఇరుగుతయి. దాని పేరు కుర్సురా. సబ్‌మెరైన్. అసలుది విశాఖపట్నంల ఆర్కే బీచ్ కాడ ఇసుక మీద ఉన్నది, 91 మీటర్ల పొడుగు. నా కాడున్నది 26 సెంటీమీటర్లు. అసలుదాన్ని 350 వంతులు చేస్తె అండ్ల ఒక్క వంతన్నట్టు. జర జరుగుర్రి, ఆ కట్టెమొద్దు ఇటు నెట్టుర్రి. తెల్లారేదాంక మిరపకాయ కల్లం కావలుండాలె గద, నిమ్మళంగ చెప్త.

మా చిన్నప్పుడు బొమ్మలు కొనిచ్చేటోళ్ళు లేరు. జొన్న కోతలైనంక సొప్ప ఏరుకొచ్చేది. పై తోలు చీరితె పేళ్ళు పేళ్ళుగ వస్తది, లోపల తెల్లటి బెండు ఉంటది. పేళ్ళే మాకు మొలలు, బెండే కట్టె. జిగురు లేదు, సుత్తె లేదు. బెండుకు పేడు గుచ్చి ఇంకో బెండుకు కలిపితె ఎడ్లబండయ్యేది, నాగలయ్యేది, కండ్లద్దాలయ్యేది. పేడు ఎక్కువ నెడితె బెండు పగులుతది, తక్కువ నెడితె ఊడుతది. ఎంత నెట్టాల్నో నోటితోని చెప్పరాదు, చేతికి తెల్వాలె. తర్వాత వరంగల్ ఐటీఐల ఫిట్టర్ పని నేర్సుకున్నప్పుడు సారు ఆకురాయి చేతికిచ్చి గిదే సంగతి చెప్పిండు. నాకు కొత్తగ అనిపియ్యలే.

మన మరిపెడకు ఓడలకు ఏం సంబంధం అంటరా? అడుగుర్రి, అడగాలె. మనకున్నది ఆకేరు. మొన్న 2024 సెప్టెంబర్ల అది పొంగి పురుషోత్తమాయగూడెం కాడ రోడ్డు తెంపింది, మీరందరు చూసిన్రు. అంత నీళ్ళొచ్చినా ఓడ నడిచే వాగు కాదది. అయితె ఒకటి చెప్త. మన ఓరుగల్లును ఏలిన గణపతిదేవునికి సముద్రం ఒడ్డున మోటుపల్లి రేవు ఉండె. 1244ల ఆయన అక్కడ అభయ శాసనం ఎయ్యించిండు. అంతకు ముందటి రాజులు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంత గుంజుకునేటోళ్ళట. ఈయన గట్ల గుంజుకునుడు లేదు, న్యాయమైన సుంకమే తీసుకుంటనని రాయి మీద రాయించిండు. సముద్రానికి ఇంత దూరముండి, పగిలిన ఓడవాని బాధ తెల్సుకున్నడు సూడు. నాకు ఆ రాజంటె గందుకే ఇష్టం, గుడులు కట్టించినందుకు కాదు.

నేనైతె సముద్రం ముచ్చట మొదలు రేడియోల ఇన్న. 1971 డిసెంబర్. పాకిస్తాన్‌తోని యుద్ధం. వాళ్ళ కాడ ఘాజీ అని సబ్‌మెరైన్ ఉండె, అమెరికావోళ్ళు కట్టింది. మన విమానాల ఓడ విక్రాంత్‌ను ముంచుదామని విశాఖ దాంక వచ్చింది. విక్రాంత్ విశాఖలనే ఉన్నట్టు మనోళ్ళు నమ్మిచ్చిన్రు, అదేమో అప్పటికే అండమాన్ దిక్కు జరిగింది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటినంక, రేవు బయట ఘాజీ పేలి మునిగింది. అండ్ల తొంభై మందికి పైగ ఉండిరి, ఒక్కడు బతకలే. మన రాజ్‌పుత్ ఓడ వేసిన బాంబులకే మునిగిందని మనోళ్ళంటరు. దాని లోపలిదేదో పేలి మునిగిందని పాకిస్తానోళ్ళంటరు. తర్వాత నేను విశాఖ డాక్‌యార్డుల పనికి చేరినంక చాయ్ బండి కాడ రోజూ గీ తగువే. నేను రిటైరై వచ్చేదాంక అది తెగలే.

కుర్సురా సంగతికొస్త. అది సోవియట్‌వోళ్ళు కట్టింది. 1969 డిసెంబర్ 18 నాడు మన నేవీల చేరింది. 71 యుద్ధంల అరేబియా సముద్రం దిక్కు పహరా కాసింది. కొన్నేండ్లయినంక దాన్ని పక్కకు పెట్టి, దాని సామాన్లు ఇప్పి తోటి సబ్‌మెరైన్లకు ఏసిన్రు. మళ్ళ 1980ల్ల విశాఖల పెద్ద మరమ్మతు పెట్టుకున్నరు. నేను గప్పుడు పడుచు ఫిట్టర్ని. మానుకోటల రైలెక్కి విశాఖల దిగుడు, నూనె గుడ్డ భుజం మీదేసుకుని దాని పొట్టల దూరుడు. 1985ల అది మళ్ళ పనిలకు వచ్చింది.

లోపల ఎట్లుంటదో చెప్తె మీకు ఊపిరాడదు. ఏడు గదులు, గదికి గదికి నడుమ గుండ్రటి కంత. ఒక కాలు ముందు పెట్టి, తల వంచి, మిగిలిన ఒళ్ళు ఎనుక గుంజుకోవాలె. ముందట టార్పెడోలు ఇడిసే గొట్టాలు ఆరు, ఎనుక నాలుగు. డీజిల్ ఇంజన్లు మూడు, కరెంటు మోటార్లు మూడు, ఎనుక తిరిగే రెక్కలు మూడు. డెబ్బై అయిదు మంది దాంక అండ్లనే తిని అండ్లనే పండాలె. నేను పనిచేసినన్ని రోజులు నాకు కనవడ్డది పైపులు, వాల్వులు, నా ముందటి మనిషి ఈపు. డ్రై డాక్‌ల పెట్టినప్పుడు బయటినుంచి చూద్దామంటె సుట్టు పరంజాలు, తాళ్ళు, నిచ్చెన్లు. ముక్కు చూస్తె తోక కనవడదు, తోక కాడికి పోతె ముక్కు మర్సిపోతం.

2001ల దాన్ని పని నుంచి తీసేసిన్రు. 2002 ఆగస్టుల బీచ్ మీద మ్యూజియం అయింది. మీ అవ్వను తీస్కపోయి టికెట్ కొని చూపిచ్చిన. ఆమె రెండు గదులు దాటంగనే, 'ఇండ్ల పని చేసినందుకు నీకు జీతమిచ్చిన్రా, శిక్షేసిన్రా' అన్నది. గప్పుడు కూడ దాన్ని నిండుగ చూడలే. జనం, పల్లీల బండ్లు, ఫొటోలు దిగేటోళ్ళు.

నిండుగ చూసింది మా ఇంట్లనే, పీట మీద.

మా కొడుకు హైదరాబాద్ కెల్లి మనుమనికి పెట్టె తెచ్చిండు. పెట్టె మీద కుర్సురా అని లేదు, ఫాక్స్‌ట్రాట్ అని ఉన్నది. ఆ రకం సబ్‌మెరైన్లకు నాటోవోళ్ళు పెట్టుకున్న పేరది. చిన్నోడు పెట్టె ఇప్పి మొఖం మాడ్సుకున్నడు. లోపల సబ్‌మెరైన్ లేదు మరి. చట్రాలకు అంటుకున్న ముక్కలు, మడతపెట్టిన కాగితం. నాకేమో పానం లేసొచ్చింది. నేను మళ్ళ డాక్‌యార్డుల అడుగు పెట్టినట్టే.

గిట్ల ముక్కలు కలిపి ఓడల బొమ్మలు చేసుడు కొత్తగ మొదలుపెట్టేటోడు సబ్‌మెరైన్‌తోనే పెట్టాలె, గిది నా మాట. ముక్కలు తక్కువ. తుపాకులు, పడవలు, తెరచాపల తాళ్ళు లేవు. పొట్ట రెండు చెక్కలు, నడుమ గోపురం, ఎనుక రెక్కలు, గంతే. అన్నిటికన్న ముందు చట్రాలను సబ్బు నీళ్ళల్ల కడిగి ఆరబెట్టాలె. అచ్చులకెల్లి తీసేటప్పుడు జిడ్డు అంటుకుంటది, కడగకుంటె రంగు నిలవదు. ముక్కను చేత్తోని మెలిపెట్టి ఇరుసుడు వద్దు. కటింగ్ ప్లేయర్‌తోని మొదలు జర దూరంగ కొయ్యాలె, తర్వాత దగ్గరికి కొయ్యాలె, మిగిలిన బుడిపెను సన్న ఎమరీతోని అరగదియ్యాలె. కోసిన ముక్కలన్ని అంచున్న స్టీలు తాంబాలంల ఎయ్యాలె. జంపఖానా మీద ఏస్తె ఒక్కటి దొరకదు.

జిగురు ముట్టకముందు అన్ని ముక్కలు ఉత్తగ పెట్టి చూసుకోవాలె. ఏది ఎక్కడ కూసుంటదో, ఎక్కడ సందు పడుతదో అప్పుడే కనవడుతది. మా చిన్నోనికి గిది సయించలే. 'తాతా, అతికియ్యి తాతా' అని ఒకటే తొందర. అతుకుడు కాదురా ఇది, వెల్డింగ్ అన్న. ఈ ప్లాస్టిక్ పాలిస్టైరీన్. దీని జిగురు నీళ్ళ లెక్క పల్చగ ఉంటది. సందు కాడ కుంచె కొస ఆనిస్తె అదే లోపలికి పారుతది, రెండు దిక్కుల ప్లాస్టిక్‌ను కరిగిస్తది, అది ఎగిరిపోయినంక రెండు ముక్కలు ఒకటే ముక్కయితయి. ఎక్కువ పోస్తె పైపైన కూడ కరుగుతది. చిన్నోని బొటనవేలి ముద్ర పొట్ట మీద పడ్డది, ఎమరీ పట్టిచ్చి తీపిచ్చిన. తలుపు, కిటికీ తెర్సి పెట్టాలె, దాని వాసన మంచిది కాదు.

పొట్ట రెండు చెక్కలు కలిపి దారం సుట్టి ఒక దినం ఇడిసిపెట్టినం. కలిసిన కాడ నిలువునా గీత ఉంటది. సబ్‌మెరైన్ అందం చెడగొట్టేది గా గీతనే. పుట్టీ పెట్టి, ఎమరీని నీళ్ళల్ల ముంచి, ముందు గరుకుది, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. కండ్లకు పోయినట్టే కనవడుతది. పోయిందా లేదా అన్నది గోరు చెప్తది. గోరుకు తాకినంతసేపు ఉన్నట్టే.

పెట్టెల కమ్మీలు కూడ ఇచ్చిన్రు, పైన నిలబడేటోళ్ళు పట్టుకునేటియి. నేను కొలిచిన. అర మిల్లీమీటర్ లావు. 350తోని హెచ్చేస్తె పదిహేడున్నర సెంటీమీటర్లు. అంటె అసలు సబ్‌మెరైన్ మీద జానెడు లావు కమ్మీ ఉన్నట్టు! మనిషేమో ఈ కొలతల అయిదు మిల్లీమీటర్లు కూడ లేడు, వాడు దాన్నేం పట్టుకుంటడు? తీసి పక్కకు పెట్టిన. 'పెట్టెల ఇచ్చింది పెట్టకపోతె ఎట్ల' అని చిన్నోడు కొట్లాడిండు. ఇచ్చిందల్లా పెట్టుకుంట పోతె నగలకొట్టు అయితది గని ఓడ కాదు. దూరం నుంచి అసలుదాన్ని చూస్తె ఏది కనవడదో అది బొమ్మల కూడ ఉండొద్దు.

పైన నిలబడే పుల్లలు, పెరిస్కోపు, రేడియో కంబాలు, అవి కూడ లావుగనే వచ్చినయి. దానికో ఉపాయమున్నది. ముక్కలు కోసినంక మిగిలిన చట్రం పుల్లను దీపం మీద, మంటకు తగలకుండ జర పైకి పట్టాలె. మెత్తవడి వంగంగనే పక్కకు తీసి రెండు దిక్కుల గుంజితె బెల్లం పాకం తీగ వచ్చినట్టు సన్నగ సాగుతది. మెల్లగ గుంజితె లావు, జోరుగ గుంజితె ఎంటిక. సల్లారినంక కోసి నిలబెట్టుడే. మీ అవ్వ అప్పుడప్పుడు వచ్చి చూసి, పనిలేని మంగలి ముచ్చట చెప్పి నవ్వుకుంట పోయేది. పెరిస్కోపు నిలబడ్డ దినం మాత్రం ఆమే చాయ్ తెచ్చి పక్కన కూసున్నది.

రంగు ముచ్చట కొంచమే చెప్త. మొదలు బూడిద రంగు ప్రైమర్, దాంతోని మన పనిల తప్పులన్ని బయటపడుతయి. తర్వాత పైన నలుపు, కింద ఇటుక రంగు. ఓడల అడుగుకు ఎర్రరంగు ఎందుకంటె, నాచు, గుల్లలు పట్టకుండ వేసే మందు రంగుల రాగి కలుపుతరు. రంగు పల్చగ కలిపి ఒకదాని మీద ఒకటి ఎయ్యాలె, ఆరకముందు రెండోసారి కుంచె పెట్టొద్దు. సబ్‌మెరైన్ పైపొర నిండ వరుసగ కంతలుంటయి, మునిగేటప్పుడు ఆ పొర కిందికి నీళ్ళు పోనీకి, తేలేటప్పుడు బయటికి రానీకి. బొమ్మల అవి కంతలు కావు, ఉత్త గుంటలు. నలుపు అచ్చ నలుపు పెడితె ఆ గుంటలు మాయమైతయి. అందుకే నలుపుల జర తెలుపు కలిపి బొగ్గు బూడిద లెక్క చేసినం, ఆరినంక గుంటలల్ల అచ్చ నలుపు పల్చగ పారబెట్టినం. గప్పుడు లేసినయి కంతలు, ముక్కు నుంచి తోకదాంక.

పీట మీద పెట్టి నేను లేసి నిలబడ్డ. మూడు రెక్కలు, గోపురం, టార్పెడో గొట్టాల మూతులు, అన్నీ ఒక్కసారే కండ్లల్ల పడ్డయి. మూడో గది ఎక్కడుంటదో చిన్నోనికి చిటికెనవేలితోని చూపిచ్చిన. ఇగో ఇక్కడ నేను పండుకుని వాల్వు బిగిచ్చిన, ఇగో ఇక్కడ నా మోకాలు చీరుకున్నది. వాడు నమ్మలే. ఇంత చిన్న దాంట్ల ఎట్ల పట్టినవు తాతా అంటడు.

ఇప్పుడు వానికి విక్రాంత్ కావాల్నట. అది 700 వంతుల కొలతల చెయ్యొచ్చు. ఆ కొలత జపాన్‌వోళ్ళు పాకిచ్చింది. మన యుద్ధం జరిగిన 1971లనే, షిజువోకా ఊరి నాలుగు కంపెనీలు, టమియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి, ఓడలు పంచుకుని అందరం ఒకటే కొలతల చేద్దామని ఒప్పందం చేసుకున్నరు. నీళ్ళ గీతకు పైన ఉన్న భాగమే ఇచ్చేటోళ్ళు, బల్ల మీద పెడితె నీళ్ళ మీద తేలినట్టుంటది. పాత విక్రాంత్ 213 మీటర్లు, ఆ కొలతల 30 సెంటీమీటర్లయితది. 2022ల కొచ్చిల నేవీకి ఇచ్చిన కొత్త విక్రాంత్ 262 మీటర్లు, అది 37 దాటుతది. ఓడ పెద్దదని నాకు భయం లేదు, దాని మీది విమానాలకు భయం. ఒక్కో దానికి రెక్కలు, తోక, చక్రాలు, అన్నీ గోటంత. ముందు ఒక చిన్న యుద్ధనౌక చెయ్యి, చెయ్యి తిరగనియ్యి, తర్వాత చూద్దాం అన్న. మూతి ముడుచుకున్నడు.

అసలు పాత విక్రాంత్‌ను చూపిద్దామంటె అది లేదు. 1997ల పని నుంచి తీసేసిన్రు, ముంబైల మ్యూజియం చేసిన్రు, చివరికి 2014ల పాత ఇనుముకు అమ్మిన్రు, పగలగొట్టిన్రు. ఆ ఇనుము బజాజోళ్ళు కొని, కరిగిచ్చి, 2016ల వి అని బండి తెచ్చిన్రు. పెట్రోల్ ట్యాంకుల ఆ ఇనుము కలిసి ఉంటది. మరిపెడ బంగ్లా కాడికి రోజూ పొద్దుగాల మిరప బస్తాల లెక్క రాసుకోను ఒకాయన గసొంటి బండి మీదనే వస్తడు. చిన్నోన్ని తీస్కపోయి చూపిస్త. ట్యాంకు మీద చెయ్యి పెడతనంటె ఆయన వద్దనడు గని, ఎండపూట పోవద్దు, కాలుతది.