రోడ్డు డిజైన్ ఫైలు మారితే నేల మీద ఏం మారుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగాల కోసం వెళ్లి స్థిరపడిన ఊరు కూడా. 130వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. ఇలాంటి చోట రోడ్డు పట్టాలను దాటాల్సి వస్తే కన్సల్టెంట్ డిజైన్, రైల్వే డ్రాయింగు, సర్వేయర్ చేతిలోని టోటల్ స్టేషన్... మూడూ ఒకే బిందువును ఒకే చోట చూపించాలి. మూడింటి ఫైళ్లు మాత్రం మూడు రకాలు. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు కంప్యూటర్ అభ్యంతరం చెప్పలేదంటే డేటా క్షేమంగా చేరినట్టు కాదు.

రోడ్డు డిజైన్ అంటే గీతల బొమ్మ కాదు. తిన్నని భాగం ఎక్కడ ముగుస్తుంది, క్రమంగా బిగిసే ట్రాన్సిషన్ కర్వ్ పొడవెంత, వంపు వ్యాసార్ధమెంత, ఎత్తుపల్లాల వాలు ఎంత అనే లెక్కల వరుస అది. 1982లో ఆటోక్యాడ్‌తో పాటు వచ్చిన డీఎక్స్‌ఎఫ్ ఫార్మాట్ బొమ్మను చక్కగా మోస్తుంది, లెక్కను మోయదు. ట్రాన్సిషన్ కర్వ్‌కు అందులో ప్రత్యేక రూపమే లేదు. అందుకే ఎగుమతి చేసేటప్పుడు వంపులు తరచూ చిన్న చిన్న సరళరేఖలుగా విరిగిపోతాయి. 360 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపును 20 మీటర్ల ముక్కలుగా విరిస్తే ముక్క మధ్యలో దాదాపు 14 సెంటీమీటర్ల తేడా వస్తుంది. 5 మీటర్ల ముక్కలైతే అది సెంటీమీటరు లోపే. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. చైనేజీ కూడా పోతుంది కాబట్టి, ఏ కిలోమీటరు దగ్గర ఏముందో మళ్లీ కట్టుకోవాలి.

ఈ లోటు తీర్చడానికి వచ్చిందే ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్. 2008 నాటి 1.2 వెర్షన్‌ను డిజైన్ సాఫ్ట్‌వేర్లు, సర్వే పరికరాలు ఇప్పటికీ చదువుతున్నాయి. వ్యాసార్ధం, ట్రాన్సిషన్ పొడవు, వాలు అన్నీ అంకెలుగానే వెళ్తాయి. అయితే క్రాస్ సెక్షన్లు, సూపర్ ఎలివేషన్ దగ్గర ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో తీరు. పైగా ఇందులో ముందు నార్తింగ్, తర్వాత ఈస్టింగ్ రాస్తారు. డీఎక్స్‌ఎఫ్‌లో వరుస తిరగబడుతుంది. బిలాస్‌పూర్ దగ్గర యూటీఎం ఈస్టింగ్ 6 లక్షల పైచిలుకు మీటర్లు, నార్తింగ్ 24 లక్షల పైచిలుకు. తారుమారైతే ఇట్టే పట్టేయొచ్చు. సౌకర్యం కోసం ముందున్న అంకెలు కోసేసి స్థానిక కోఆర్డినేట్లుగా వాడే అలవాటుంటే మాత్రం ఆ ఆధారం పోతుంది.

అసలు చిక్కు ఫైలులో రాయని దానిలో ఉంది. బిలాస్‌పూర్ యూటీఎం 44వ జోన్‌లోకి వస్తుంది. ఆ జోన్ మధ్య రేఖ 81 డిగ్రీల రేఖాంశం. మధ్య రేఖ నుంచి ఊరు ఉన్న దూరాన్ని బట్టి గ్రిడ్‌లో కిలోమీటరు పొడవు నేల మీది కిలోమీటరు కంటే పాతిక సెంటీమీటర్ల వరకు తగ్గుతుంది. 10 కిలోమీటర్ల రోడ్డుకు రెండున్నర మీటర్లన్నమాట! ఒకరు గ్రిడ్ కొలతలో డిజైన్ చేసి, ఇంకొకరు దాన్ని నేల కొలతగా తీసుకుంటే రోడ్డు చివర సరిహద్దు రాయి పక్క పొలంలోకి జరగొచ్చు. కోఆర్డినేట్ వ్యవస్థ ఏదో చెప్పే చోటు ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్‌లో ఉంది, దాన్ని ఖాళీగా వదిలేయడమే పరిపాటి. 84 డిగ్రీలు దాటితే జోన్ కూడా మారుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో జశ్‌పూర్, మన శ్రీకాకుళం జిల్లాలో పలాస, ఇచ్ఛాపురం 45లో ఉన్నాయి. 44లో మొదలై అటు దాటే రోడ్డుకు ఏ జోన్ వాడారో ముందే తేల్చుకోవాలి.

ఎత్తుల్లో పెద్ద తప్పు సులువుగా దొరుకుతుంది. జీపీఎస్ ఇచ్చే ఎత్తుకూ, సముద్ర మట్టం నుంచి లెక్కించే ఎత్తుకూ మన దేశంలో చాలాచోట్ల పదుల మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి కలిపేస్తే కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రైల్వే బెంచ్ మార్కుకూ రహదారి బెంచ్ మార్కుకూ మధ్య కొన్ని సెంటీమీటర్లే తేడా ఉంటే ఎవరూ గమనించరు. పట్టాల మీద వంతెనకు వదలాల్సిన ఖాళీని రైల్వే తన మట్టం నుంచే కొలుస్తుంది.

కాబట్టి ఫైలుతో పాటు ముద్రించిన అలైన్‌మెంట్ పట్టిక అడిగి తీసుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. మార్చిన ఫైలులో మొత్తం పొడవు, ప్రతి వంపు వ్యాసార్ధం, మొదలూ చివరా కోఆర్డినేట్లు పట్టికతో పోల్చాలి. వంపుల మధ్య బిందువులు కూడా చూడాలి, ముక్కలైన వంపు బయటపడేది అక్కడే. తర్వాత రెండు మూడు కంట్రోల్ పాయింట్లను నేల మీద కొలిచి చూస్తే స్కేలు తేడా తెలిసిపోతుంది.

రోడ్డూ రైలూ రెండింటి అలైన్‌మెంట్లనూ ఒకే నమూనాలో పట్టే ఐఎఫ్‌సీ 4.3 ఫార్మాట్ 2024లో అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణమైంది. సర్వే పరికరాల్లో మాత్రం ఇప్పటికీ నడుస్తున్నది ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్, డీఎక్స్‌ఎఫ్, బిందువుల జాబితాలే.