పది పేకముక్కల గారడి

సంగారెడ్డి జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దునకు చేరువలో నారాయణఖేడ్ పట్టణమున్నది. 2016వ సంవత్సరమునకు పూర్వము ఇది మెదకు జిల్లాలోనిది. ఇటువంటి ఊళ్లలో ఒకప్పుడు గారడి చూడవలెనన్న జాతర వచ్చువరకు ఆగవలసియుండెడిది. నేర్చుకొనవలెనన్న గారడివానిని ఆశ్రయింపవలసియుండెడిది; అతడు గుట్టు చెప్పునను నమ్మకము లేదు. నేడు చేతిలోని ఫోనులో వీడియో చూచి, పది నిమిషములలో ఒక పేక గారడి నేర్చి, మరునాడు బడిలో తోటివారిని ఆశ్చర్యపరచవచ్చును.

ఈ ప్రాంతమునకు మరియొక మాటతోడను చిరకాల పరిచయమున్నది. ఆ మాట బాణామతి. పాత మెదకు జిల్లాలోను, సరిహద్దునకు ఆవలనున్న బీదరు ప్రాంతములోను ఈ మూఢనమ్మకము బలముగా వేరూనినది. ఇంటిలో ఎవరికైన అంతుపట్టని జబ్బు చేసినను, పూనకము వంటిది వచ్చినను, ఎవరో బాణామతి చేసిరని అనుమానించెడివారు. అనుమానితుల పళ్లు ఊడగొట్టిన, ప్రాణములు తీసిన ఉదంతములు పత్రికలకెక్కినవి.

వినోదమునకు చేయు పేక గారడికిని, ప్రాణములు తీయు ఈ నమ్మకమునకును సంబంధమేమని అడుగవచ్చును. ఆ సంబంధమును గుర్తించి పుస్తకము వ్రాసిన వాడు నాలుగు వందల ఏండ్లకు పూర్వమే ఒకడున్నాడు.

కట్ట చిన్నది, లెక్క పెద్దది

పూర్తి పేకలో 52 ముక్కలుండును. వానిలో నాలుగో, పదో, ఇరువదియో మాత్రము తీసికొని చేయు గారడిని చిన్న కట్ట గారడి అనవచ్చును. ఇట్టివి రెండు రకములు. మొదటి రకమునకు చేతివాటము కావలెను. రెండవ రకమునకు చేతివాటముతో పని లేదు. చెప్పిన వరుసలో చేసిన చాలును, ఫలితము తనంతట తానే వచ్చును. నేర్చుకొనుటకు ఇంత సులభమైనది చూచువారిని ఎట్లు మోసగింపగలుగుచున్నది? చూచువారు గారడివాని వ్రేళ్లను కనిపెట్టుకొనియుందురు. కాని గుట్టు వ్రేళ్లలో లేదు, లెక్కలో ఉన్నది.

పేకముక్కలు మన దేశమునకు క్రొత్తవి కావు. బాబరు చక్రవర్తి 1527లో సింధులోని షా హసనునకు గంజిఫా ముక్కలు పంపినట్లు తన స్మృతులలో వ్రాసికొన్నాడు. మన నిర్మల్ చిత్రకారులును గుండ్రని గంజిఫా ముక్కలకు రంగులు తీర్చిన వారే. కాని పేకముక్కల గారడి గుట్టులను కాగితముపై పెట్టిన తొలి రచనలలో కొన్ని ఐరోపాలో కానవచ్చుచున్నవి. ఇటలీ గణితవేత్త లూకా పాచోలి 1500 ప్రాంతమున సంఖ్యల శక్తిని గూర్చి వ్రాసిన వ్రాతప్రతిలో పేక గారడీలున్నవి.

ఫ్రెంచి గణితవేత్త బాషే 1612లో ప్రకటించిన వినోద గణిత గ్రంథములో మూడు కుప్పల లెక్క ఉన్నది. ఇది నేటికిని మన ఇండ్లలో 21 ముక్కల గారడిగా వినోదము కలిగించుచున్నది. 21 ముక్కలను మూడు వరుసలుగా పంచి, తలచుకొన్న ముక్క ఏ వరుసలో ఉన్నదో అడిగి, ఆ వరుసను నడుమ ఉంచి ప్రోగు చేయవలెను. ఇట్లు మూడు మారులు చేసిన ఆ ముక్క 11వ స్థానమునకు వచ్చును. గెర్గోన్ అను మరియొక ఫ్రెంచి గణితవేత్త 19వ శతాబ్ది ఆరంభమున ఈ లెక్కను మరింత విస్తరించెను.

గుట్టు విప్పిన రెజినాల్డ్ స్కాట్

16వ శతాబ్దిలో ఇంగ్లండులో మంత్రగత్తెలను దండించుటకు చట్టముండెడిది. పశువు చచ్చినను, బిడ్డకు జబ్బు చేసినను ఏ పేదరాలిమీదనో నింద పడెడిది. 1582లో ఎసెక్స్ ప్రాంతపు సెయింట్ ఓసిత్ గ్రామమునకు సంబంధించిన విచారణలో ఇద్దరు స్త్రీలను ఉరితీసిరి. ఇట్టి విచారణలను చూచి కలత చెందినవాడు కెంట్ ప్రాంతమునకు చెందిన రెజినాల్డ్ స్కాట్. అతడు 1584లో మంత్రవిద్య గుట్టు విప్పు ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను.

ఆ గ్రంథములో ఒక భాగము ఆశ్చర్యము గొల్పును. పేకముక్కలను, నాణెములను, బంతులను మాయము చేయుటెట్లో, పొడుచుకొన్నట్లు కనిపించు కత్తిని తయారు చేయుటెట్లో అందులో బొమ్మలతో సహా వివరించినాడు. ఇంగ్లీషు భాషలో గారడి విద్యను ఇంత విపులముగా తెలిపిన తొలి గ్రంథములలో ఇది ఒకటి. స్కాట్ గారడీలు నేర్పుటకు ఈ పుస్తకము వ్రాయలేదు. కంటికి అసాధ్యముగా తోచినది కూడ మానవుల నేర్పుచే జరుగగలదని చూపుటయే అతని ఉద్దేశము. గారడివాడు నాణెమును మాయము చేసినప్పుడు దయ్యమును పిలువలేదు గదా! అట్లైన, అంతుపట్టని ప్రతి సంఘటనకును దయ్యమును, దాని వెనుక ఒక ముసలిదానిని వెదకుట ఎందులకు?

ఈ ప్రశ్న అందరికిని నచ్చలేదు. స్కాట్లండు రాజు జేమ్స్ 1597లో దయ్యముల విద్యను గూర్చి తానొక గ్రంథము వ్రాసి, దాని పీఠికలోనే స్కాటును ఖండించెను. అతడు ఇంగ్లండునకు కూడ రాజైన పిమ్మట 1604లో చట్టము మరింత కఠినమైనది. 1735 నాటి చట్టముతో గాని పరిస్థితి తలక్రిందులు కాలేదు. అప్పటినుండి మంత్రగత్తె అని ఒకరిని దండించుటకు వీలు లేకపోయెను. తనకు మంత్రశక్తి కలదని నటించుటయే నేరమాయెను.

పది ముక్కలతో ప్రయోగము

20వ శతాబ్ది నడుమ చిన్న కట్ట గారడీలకు మంచి కాలము వచ్చినది. కంప్యూటరు రంగములో పనిచేసిన బ్రిటిష్ ఇంద్రజాలికుడు అలెక్స్ ఎల్మ్‌స్లీ, నాలుగు ముక్కలను లెక్కపెట్టుచు అందొకటి కనబడకుండ చేయు పద్ధతిని కల్పించెను. ఇది చేతివాటమునకు చెందినది. అతడే ముక్కలను ఒకటి విడిచి ఒకటిగా కలుపు పద్ధతికిని ద్విసంఖ్యామానమునకును గల సంబంధమును వెల్లడించెను. 1956 చివరినుండి అమెరికాలో మార్టిన్ గార్డ్‌నర్ ఒక వైజ్ఞానిక పత్రికలో వ్రాసిన వ్యాసములు ఇట్టి విషయములను లక్షలమంది పాఠకులకు చేర్చినవి.

అమెరికా ఇంద్రజాలికుడు బాబ్ హమ్మర్ 1940 దశకములో ప్రచారములోనికి తెచ్చిన సూత్రము ఒకటి తరగతి గదికి మిక్కిలి అనువైనది. దానిని ఇట్లు ప్రయోగింపవచ్చును.

5 ఎఱ్ఱ ముక్కలు, 5 నల్ల ముక్కలు తీసికొని ఎఱుపు, నలుపు, ఎఱుపు, నలుపు వరుసలో పేర్చి, అన్నింటిని బోర్లా పట్టుకొనవలెను. ఈ వరుస చూచువారికి తెలియరాదు. పై రెండు ముక్కలను జంటగా పట్టి, ఒకే ముక్కవలె తిరుగవేసి, మరల కట్టపైననే ఉంచవలెను. పిమ్మట కట్టను నచ్చిన చోట కోసి, పై భాగమును క్రిందికి మార్చవలెను. మరల పై రెండింటిని, అవి బోర్లా ఉన్నను వెల్లకిలా ఉన్నను, జంటగా తిరుగవేసి కోయవలెను. ఈ పనిని చూచువారిచేతనే, వారికి విసుగు పుట్టువరకు చేయింపవచ్చును. కట్ట అంతయు కలగాపులగమైనట్లు కనిపించును. తుదకు కట్టను తీసికొని, ఎవరికిని కనబడకుండ 2, 4, 6, 8, 10 స్థానములలోని ముక్కలను మాత్రము తిరుగవేయవలెను. బల్లపై పరచిన, వెల్లకిలా ఉన్న ఐదును ఒకే రంగు; బోర్లా ఉన్న ఐదును రెండవ రంగు!

దీనికి కారణము సరి, బేసి సంఖ్యలలో ఉన్నది. ప్రతి ముక్కకును రెండు లక్షణములున్నవని అనుకొందము: దాని స్థానము సరియా బేసియా అనునది ఒకటి, అది బోర్లా ఉన్నదా వెల్లకిలా ఉన్నదా అనునది రెండవది. పై రెండింటిని జంటగా తిరుగవేసినపుడు మొదటిది రెండవ స్థానమునకును, రెండవది మొదటి స్థానమునకును పోవును. స్థానము మారినది, పార్శ్వమును మారినది. రెండును ఒకేసారి మారుటచే వాని నడుమనున్న పొత్తు చెడలేదు. బేసి స్థానములో బోర్లా ఉన్న ముక్క, సరి స్థానములో వెల్లకిలా అగును.

ఇక కోత సంగతి. ఒక ముక్కను పైనుండి అడుగునకు మార్చితిమనుకొందము. మిగిలినవన్నియు ఒక్కొక్క స్థానము పైకి జరుగును. సరి బేసియగును, బేసి సరియగును. అడుగునకు పోయిన ముక్కయు 1నుండి 10కి, అనగా బేసినుండి సరికి మారును. అన్నియు ఒక్కటిగా మారినవి. ఎన్ని ముక్కలు కోసినను ఇదే పని అన్ని మారులు జరిగినట్లు లెక్క. కనుక ఎఱ్ఱ ముక్కలన్నియు ఎప్పుడును ఒక పక్షమే, నల్ల ముక్కలన్నియు ఎదుటి పక్షమే. తుదిలో సరి స్థానములవానిని తిప్పుటతో ఆ పక్షభేదము కంటికి కనబడును. 9 ముక్కలతో ఇది ఏల సాగదు? అడుగునకు పోయిన ముక్క 1నుండి 9కి పోయి, తాను మాత్రము బేసిగానే మిగులును, పొత్తు చెడును.

పుస్తకమునుండి వీడియోకు

స్కాట్ కాలమున నేర్చుకొనువానికి ఆధారము చెక్క అచ్చు బొమ్మ. 1980 దశకమున వీడియో క్యాసెట్లు వచ్చినవి. పిమ్మట డిస్కులు, 2005లో యూట్యూబు వచ్చినవి. చేతి కదలికను నేర్చుటలో పుస్తకము వీడియోకు సాటి రాదు. కదలికను ఆపి చూడవచ్చును, పదిమారులు తిప్పి చూడవచ్చును. కాని పది ముక్కల గారడి వంటి దానిలో ఏమి చేయవలెనో చూపి, ఏల జరిగినదో చెప్పక ముగించిన వీడియో సగము పాఠము మాత్రమే. దానిని చూచిన విద్యార్థి తోటివారిని ఆశ్చర్యపరచగలడు. తాను మాత్రము వారికంటె ఎక్కువ తెలిసికొన్నవాడు కాడు. 9 ముక్కలు చేతికిచ్చిన తెల్లబోవును.

తెలుగునాట ఇంద్రజాలమును వినోదముగా ప్రదర్శించుచునే మూఢనమ్మకములను ఖండించినవారున్నారు. ఇంద్రజాలికులుగా, మనస్తత్వ నిపుణులుగా పేరొందిన బి. వి. పట్టాభిరామ్ గారు (మరణము 2025) అట్టివారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు గ్రామములలో మహిమలుగా చెలామణి అగు పనులను ముందు చేసి చూపి, తరువాత గుట్టు విప్పి చెప్పుచున్నారు. పసుపు నీటికి సున్నము తగిలి ఎఱ్ఱబడినపుడు అది రక్తము కాదు, రసాయనచర్య అని పిల్లలే చేసి చూచిన, ఆ భయము మరల వారి దరి చేరదు. 1584లో స్కాట్ పట్టిన త్రోవయు ఇదియే.

వైజ్ఞానిక దృష్టిని పెంపొందించుకొనుట పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా 1976లో మన రాజ్యాంగములో చేరినది. దానిని బోధించుటకు ఉపాధ్యాయునకు పెద్ద ప్రయోగశాల లేకున్నను ఫరవాలేదు. పది పేకముక్కలు చాలును. మొదట గుట్టు చెప్పక చేసి చూపవలెను. తరగతి అంతయు దిగ్భ్రమ చెందిన ఆ క్షణమున పిల్లలకు కారణము తెలియదు. కాని కారణమున్నది, అది సరి బేసి లెక్కయంత చిన్నది. పిమ్మట వారిచేతనే దానిని కనిపెట్టింపవలెను. కారణము తెలియకుండుట వేరు, కారణము లేకుండుట వేరు అని పది ముక్కలతో గ్రహించిన విద్యార్థి, రేపు తన వీధిలో అంతుపట్టని జబ్బు వచ్చినపుడు ఇరుగుపొరుగు గడపవైపు అనుమానముతో చూడడు. రోగిని ఆసుపత్రికి తీసికొనిపొండని చెప్పును.