పుణె నగరపు నీరు – పాన్‌షెత్ నేర్పిన పాఠము

ఉగాదినాడు మన ఇండ్లలో పచ్చడి కలుపు నీరును, అదే రోజున గుడీ పాడ్వా జరుపుకొను మన మరాఠీ సోదరుల ఇండ్లలో వంటకు వాడు నీరును ఒక్కటే. అది ముఠా నది నీరు. కామాఠీ పనులకు వచ్చినవారు, పద్మశాలీలు, రైల్వేలోను సైన్యములోను ఉద్యోగములకు వచ్చినవారు, ఇట్లు ఎన్నో తెలుగు కుటుంబములు తరతరములుగా ఈ నీరు త్రాగి పుణెలో స్థిరపడినవి. కనుక ఈ నీటి చరిత్ర మన చరిత్రలో కూడ భాగమే. దానిని క్లుప్తముగా తెలుపుటయే మా ఉద్దేశము.

పేష్వాల కాలమున 1749 ప్రాంతమున కాత్రజ్ చెరువునుండి భూగర్భ కాలువ త్రవ్వించి, పేఠ్‌లలోని హౌదులకు నీరు తెచ్చినారు. ఊరు పెరిగిన కొలది ఆ నీరు చాలలేదు. ఆంగ్లేయుల ప్రభుత్వము నగరమునకు సుమారు 20 కిలోమీటర్ల ఎగువన ఖడక్‌వాస్లావద్ద ముఠా నదికి అడ్డముగా రాతి ఆనకట్ట కట్టించినది. 1879లో పూర్తియైన ఆ జలాశయమునకు, దానిని రూపొందించిన ఇంజనీరు ఫైఫ్ పేరు పెట్టినారు.

ఈ ఆనకట్టతో తెలుగు సంతతివాడొకనికి గొప్ప సంబంధము గలదు. ఆయనయే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి పూర్వులది గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండము. ఆయన పుట్టినది మైసూరు సీమలోని ముద్దేనహళ్ళి. ఇంజనీరింగు చదివినది పుణెలో. వర్షకాలమున జలాశయము నిండి, ఎక్కువైన నీరు వృథాగా పొర్లిపోవుట చూచి, ఆయన తానుగా తెరచుకొని తానుగా మూసుకొను తలుపులను కల్పించినారు. వీటిని 1903లో ఖడక్‌వాస్లావద్ద అమర్చినారు. గోడ ఎత్తు పెంచకయే సుమారు 8 అడుగుల నీరు అదనముగా నిలువ చేయుటకు వీలైనది. వరద వచ్చినప్పుడు మనిషి పరుగెత్తి వచ్చువరకు వేచియుండక తలుపు తానే తెరచుకొనును. నీటిని ఆపుట ఎంత ముఖ్యమో, వేళకు వదలుట అంతే ముఖ్యమని ఆయన ఎరుగును. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదు నగర రక్షణకు సలహా ఇచ్చినవారును ఆయనయే.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత నగరమునకు, పొలములకు ఇంకను నీరు కావలసివచ్చినది. ఖడక్‌వాస్లాకు ఎగువన అంబీ నదిమీద పాన్‌షెత్ వద్ద మట్టి ఆనకట్ట కట్టనారంభించినారు. 1961 వర్షకాలము వచ్చునప్పటికి పని పూర్తి కాలేదు. నీటిని క్రిందికి వదలు తూము తలుపుల పని ముగియలేదు. కట్టక్రిందుగా పోవు ఆ తూమును ఇనుప కమ్ములు లేని కాంక్రీటుతో కట్టినారు. అయినను ఆ సంవత్సరమే నీరు నిలువ చేసినారు. భారీ వర్షములతో జలాశయము త్వరగా నిండినది. తూములో నీరు అదిరిపడుచు ప్రవహించి కట్టడమును దెబ్బతీసినది. దానిపైనున్న మట్టి కట్ట క్రుంగసాగినది. సైనికులు రాత్రియంతయు ఇసుక బస్తాలు మోసి కట్టను నిలుపుటకు పాటుపడినారు. ఫలితము లేకపోయినది.

1961 జూలై 12వ తేది ఉదయమున పాన్‌షెత్ ఆనకట్ట తెగినది. ఆ నీరంతయు వచ్చి ఖడక్‌వాస్లాపై పడినది. 82 సంవత్సరములు నగరమునకు నీరిచ్చిన ఆ రాతి గోడ కూడ అదే రోజున తెగినది. నారాయణ్ పేఠ్, శనివార్ పేఠ్ మొదలగు నదీతీరపు పేటలు మునిగిపోయినవి. సుమారు వెయ్యిమంది మరణించిరని చెప్పుదురు. వేల కుటుంబములు నిలువ నీడ లేనివైనవి. లోకమాన్యనగర్, గోఖలేనగర్ వంటి కాలనీలు వరద బాధితుల కొరకు ఏర్పడినవే. చుట్టును వరద నీరు, కుళాయిలో మాత్రము చుక్క లేదు! అప్పుడు నగరమును ఆదుకొన్నవి పాత బావులు.

ఇక్కడ గమనింపదగిన విషయ మొకటి గలదు. ఖడక్‌వాస్లా తన లోపముచేత కూలలేదు. ఎగువ ఆనకట్ట విషయమున జరిగిన తొందరచేత కూలినది. రైల్వేలో పనిచేయు మాకు ఒక నియమము బాగుగా తెలియును. క్రొత్త లైను వేసిన తరువాత భద్రతాధికారి వచ్చి, పట్టాలు, వంతెనలు, సిగ్నళ్ళు పరీక్షించి అనుమతి ఇచ్చిన తరువాతనే ప్రయాణికుల బండి నడచును. ప్రారంభోత్సవపు తేది దగ్గర పడినదని ఆ పరీక్ష మానరు. నీటికి కూడ అట్టి నియమమే కావలెను.

తరువాత రెండు ఆనకట్టలను తిరిగి నిర్మించినారు. వరస్‌గావ్, టెమ్‌ఘర్ ఆనకట్టలు కూడ చేరగా, నేడు నాలుగింటిలో కలిపి సుమారు 29 టి.ఎం.సి.ల నీరు నిలువ యుండును. పై మూడింటి నీరును ఖడక్‌వాస్లాకే చేరవలెను. వీటిలో మిక్కిలి క్రొత్తదైన టెమ్‌ఘర్ గోడనుండి నీరు విపరీతముగా ఊరుచున్నదని 2016లో ఆందోళన కలిగినది. గోడలోనికి సిమెంటు ఎక్కించి ఆ ఊటను చాలవరకు తగ్గించినారు. క్రొత్తదనినంత మాత్రమున గట్టిదని తలపరాదు. 2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టము చేసినది. దాని ప్రకారము వర్షకాలమునకు ముందును తరువాతను తనిఖీ జరుగవలెను. ప్రమాదము సంభవించినచో ప్రజలను ఎట్లు హెచ్చరించవలెనో, ఎట్లు రక్షించవలెనో ముందుగా ప్రణాళిక సిద్ధము చేయవలెను.

చట్టము కాగితముమీద నిలిచిపోకుండ చూచుట పౌరుల వంతు. వర్షకాలమున జలాశయమునుండి నీరు వదలుదురన్న ప్రకటన వెలువడినప్పుడు నదివైపు బస్తీలలోని మనవారికి ఆ వార్త అందజేయుట, మరాఠీ చదువరాని పెద్దలకు తెలుగులో వివరించుట మన సంఘము సులభముగా చేయగల సేవ. ఏటేటా తనిఖీ జరిగినదా యని అధికారులను మర్యాదగా అడుగుటకు కూడ మనకు హక్కు గలదు. ఈ నూతన సంవత్సరమున వానలు సమృద్ధిగా కురిసి, కట్టలు చల్లగా నిలిచి, ఎల్లరి ఇండ్లకు మంచినీరు చేరుగాక యని కోరుచున్నాము.