విల్లు బండి నుంచి పికప్ కమాను దాకా



పోయిన ఆదివారం మన సంఘం పికప్ బండికి ముందు కమాన్లు మార్చినాము. పెళ్ళి గిన్నెలు, షామియానా గుంజలు, చావు ఇంటికి బెంచీలు మోసి మోసి బండి ఎడమ పక్కకు వాలిపోయింది. షెడ్డుకు పంపకుండా ఒక సభ్యుని ఇంటి వాకిట్లోనే పని పెట్టుకున్నాము. పిల్లలు వచ్చి నిలబడి, "దీన్ని కమాను అని ఎందుకంటారు?" అని అడిగినారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ రాత.

కమాన్ అంటే పారశీకంలో విల్లు. ఉర్దూ మీదుగా మన నోటికి వచ్చింది. మన పెద్దలు కూడా ఇదే పోలికతో మాట్లాడినారు. ఉక్కు పట్టాల మీద ఊగే గూడు బండిని తమిళంలో విల్ వండి అంటారు, మలయాళంలో విల్లువండి, మన ఇళ్ళలో విల్లు బండి. ఏ భాషలో చెప్పినా వంగి మళ్ళీ లేచే విల్లే.

అంతకు ముందు బండికి కమాను లేదు. ఇరుసు మీదే చట్రం, గుంతలో చక్రం పడితే దెబ్బ నడుముకే. ఐరోపాలో గుర్రపు బండి గూటిని తోలు పట్టీలతో వేలాడదీసేవాళ్ళు. 1804లో లండన్ దగ్గర ఒబడయా ఎలియట్ అనే బండ్ల పనివాడు రెండు ఉక్కు విల్లులను ఎదురెదురుగా కూర్చి పేటెంటు తీసుకున్నాడు. స్ప్రింగును ఎంత లాగితే అంత బలంతో తిరగబడుతుందని రాబర్ట్ హుక్ 1678లోనే అచ్చు వేసినాడు.

ఒకే మందపు పట్టా వేస్తే వంగదు, వంగినా పగులుతుంది. పలుచని పట్టాలను ఒకదాని మీద ఒకటి పేర్చితే ఒక్కొక్కటీ ఎక్కువ వంగగలదు, బరువును అన్నీ పంచుకుంటాయి. 1908 నాటి ఫోర్డ్ మోడల్ టీకి ముందొకటి, వెనకొకటి అడ్డ కమాన్లు. యుద్ధకాలపు జీపుకు నాలుగు మూలలా కమాన్లే. 1947 నుంచి మహీంద్రా వాళ్ళు ఆ జీపును మన దేశంలో కూర్చినారు. మన పల్లెల పికప్పులు ఆ వంశంలోనివే.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. విల్లు బండి సుఖం అందరికీ దక్కలేదు. 1893లో తిరువాన్కూరులో అయ్యన్‌కాళి విల్లువండి ఎక్కి, తన జనానికి మూసిన బాట మీద నడిపించినాడు. ఆ రోజుల్లో అది తిరుగుబాటు. మన సంఘం ఇళ్ళలోనూ విల్లు బండి ఎక్కినవాళ్ళ కథలే చెప్పుకుంటాము. దాని వెనక నడిచినవాళ్ళ పేర్లు, ఆ పట్టాలు కాల్చి వంచిన కమ్మరుల పేర్లు మన సంఘం పుస్తకాల్లో లేవు.

ఇక పని సంగతి. చదునైన నేల మీద బండి నిలిపి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, చట్రం కింద స్టాండ్లు వేసినాము. జాకీని నమ్మి కింద దూరిన ఒక తమ్ముడి చేయి మనకందరికీ గుర్తుంది. కాబట్టి జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ముందు రాత్రే బోల్టులకు తుప్పు వదిలే నూనె కొట్టినాము. ఇరుసును రెండో జాకీతో ఆనించి, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా చూసుకుని, యూ బోల్టులు, తర్వాత షాకిల్ పిన్నులు విప్పినాము. కమాన్లు రెండు పక్కలా జతగానే మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది అయితే బండి మళ్ళీ ఒరుగుతుంది. నడిమి బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమినాము. యూ బోల్టులు కొత్తవే వేసి, మూల నుంచి ఎదురు మూలకు కొంచెం కొంచెంగా బిగించినాము. రబ్బరు బుష్షుల బోల్టులను మాత్రం చక్రాలు నేల తాకినాకే పూర్తిగా బిగించాలి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగినాక యూ బోల్టులు మళ్ళీ బిగిస్తాము, చక్రాల అలైన్‌మెంటూ చూపిస్తాము.

పాత పట్టాలను పాత ఇనుము అంగడికి వేయలేదు. అది సిలికాన్, మాంగనీసు కలిసిన గట్టి ఉక్కు, కమ్మరి చేతిలో మంచి కొడవలి అవుతుంది. మా ఊరి కమ్మరి తాతకే ఇచ్చినాము. ఆయన దగ్గర కూర్చుని వాళ్ళ నాయన ఎవరెవరి బండ్లకు పని చేసినాడో అడిగి రాసుకుంటున్నాము. ఈసారి సంఘం పుస్తకంలో ఆ పేర్లు ఉంటాయి.

షోలాపూర్, బరంపురం, యానాం బంధువులు కమానును మీ ఇంట్లో ఏమంటారో రాయండి. దాన్ని చేసినవాళ్ళ పేరు తెలిస్తే అదీ రాయండి.