వేసవి శిక్షణ సంస్థల నుంచి నిష్ఠ దాకా: టీచరు నేర్చుకున్నది తరగతికి ఎందుకు చేరలేదు?

ఇంటర్ రెండేళ్లలో మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ తలుపు తీసింది ఒక్కసారే, ప్రాక్టికల్ పరీక్షలకు వారం ముందు. వెర్నియర్ కాలిపర్స్ చేతిలోకి రాకముందే రీడింగులన్నీ రికార్డులో ఎక్కేశాయి. సీనియర్ల రికార్డు చూసి రాసుకున్నాం మరి. ఆ తర్వాత నాలుగేళ్లు ఇంజినీరింగ్ కూడా పూర్తి చేశాను.

అమ్మ ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్. శిక్షణ తరగతులకు వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒక మాడ్యూల్ పుస్తకం, ఒక ప్యాడ్ ఇంటికి తెస్తుంది. ఓసారి ఎలా ఉందని అడిగితే, "బాగానే చెప్పార్రా. కానీ బడి తెరిచాక సిలబస్ పూర్తి చేశావా అనే అడుగుతారు, ప్రయోగం చేయించావా అని ఎవరూ అడగరు" అంది.

జీఎస్ పేపర్-1లో స్వాతంత్ర్యానంతర భారతం, పేపర్-2లో విద్య చదువుతున్నప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది. మనం కమిషన్ల పేర్లు, సంవత్సరాలు బట్టీ పడతాం. వాటి మధ్య ఉన్న కథను వదిలేస్తాం. ఈ వ్యాసంలో ఒక్క ప్రశ్న పట్టుకుందాం: 1963 నుంచి టీచర్లకు వేసవి శిక్షణ ఇస్తూనే ఉన్నాం కదా, తరగతి గది ఎందుకు అంతగా మారలేదు?

నేపథ్యం: ఒక ఏడాది చదువు కాలేజీ నుంచి బడికి దిగింది

డా. ఎ. లక్ష్మణస్వామి ముదలియార్ అధ్యక్షతన సెకండరీ విద్యా కమిషన్ (1952–53) రెండు పెద్ద సిఫార్సులు చేసింది. పాత రెండేళ్ల ఇంటర్మీడియట్‌లో ఒక ఏడాదిని హైస్కూలుకు కలిపి హయ్యర్ సెకండరీ చేయాలన్నది మొదటిది. విద్యార్థుల అభిరుచిని బట్టి వేర్వేరు కోర్సులుండే మల్టీపర్పస్ స్కూళ్లు పెట్టాలన్నది రెండోది.

కాగితం మీద ఇది చిన్న మార్పు. తరగతిలో మాత్రం పెద్దది. అప్పటిదాకా కాలేజీ లెక్చరర్ చెప్పిన ఫిజిక్స్, కెమిస్ట్రీ పాఠాలు ఇప్పుడు స్కూలు టీచరు మీద పడ్డాయి. ఆ టీచర్లలో చాలామంది డిగ్రీ పూర్తి చేసి ఏళ్లు గడిచాయి. ఈలోగా సబ్జెక్టులే ముందుకు వెళ్లిపోయాయి. బడిని అప్‌గ్రేడ్ చేయడం ఒక జీవోతో అయిపోతుంది, టీచరు విషయజ్ఞానం అలా పెరగదు.

ఈ లోటు పూడ్చడానికే 1960ల ఆరంభంలో సంస్థలు వరుసగా వచ్చాయి. 1961 సెప్టెంబరు 1న ఎన్‌సీఈఆర్‌టీ ఏర్పడింది. అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరులలో రీజినల్ కాలేజీలు ఆఫ్ ఎడ్యుకేషన్ వచ్చాయి. వీటి మొదటి లక్ష్యం మల్టీపర్పస్ స్కూళ్లకు టీచర్లను తయారుచేయడమే. దక్షిణాది రాష్ట్రాలకు మైసూరు కేంద్రం. ఇవే నేటి రీజినల్ ఇన్‌స్టిట్యూట్లు ఆఫ్ ఎడ్యుకేషన్.

1963 వేసవి

వేసవి సంస్థ అనే నమూనా అమెరికాది. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1950లలోనే యూనివర్సిటీల్లో టీచర్లకు వేసవి సంస్థలు మొదలుపెట్టింది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ప్రయోగించాక ఆ పనికి నిధులు, వేగం రెండూ పెరిగాయి. ఎంఐటీలో జెరాల్డ్ జకారియాస్ నాయకత్వంలో 1956లో మొదలైన పీఎస్‌ఎస్‌సీ బృందం హైస్కూలు ఫిజిక్స్‌ను కొత్తగా రాసింది. సూత్రాల జాబితా పక్కన పెట్టి, రిపుల్ ట్యాంకులో అలలు చూపిస్తూ పాఠం మొదలుపెట్టడం దాని పద్ధతి.

భారత్‌లో యూజీసీ, ఎన్‌సీఈఆర్‌టీలు యూఎస్‌ఎయిడ్ సహకారంతో 1963లో ఈ సంస్థలను ప్రారంభించాయి. ఏర్పాటు ఇలా ఉండేది. వేసవి సెలవుల్లో ఐదారు వారాలు ఒక యూనివర్సిటీ ఆతిథ్యం ఇస్తుంది. ఆ సబ్జెక్టు ప్రొఫెసర్ డైరెక్టరుగా ఉంటారు. అమెరికన్ నిపుణులు తోడుంటారు. ఉదయం లెక్చర్లు, తర్వాత ల్యాబ్. టీచరు మళ్లీ విద్యార్థి అవుతాడు. ఫిజిక్స్‌కు పీఎస్‌ఎస్‌సీ, బయాలజీకి బీఎస్‌సీఎస్, గణితానికి ఎస్‌ఎంఎస్‌జీ వంటి అమెరికన్ పాఠ్యసామగ్రి వాడేవారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అదే దశకంలో యునెస్కో ద్వారా వచ్చిన సోవియట్ నిపుణులు కూడా ఎన్‌సీఈఆర్‌టీతో కలిసి పాఠశాల సైన్స్ మీద పనిచేశారు. అలీనోద్యమం అనగానే మనం బాండుంగ్, బెల్‌గ్రేడ్ రాసి ఆపేస్తాం. రెండు శిబిరాల నుంచీ నేర్చుకున్న ఈ ఉదాహరణ మెయిన్స్ జవాబులో వాడుకోవచ్చు.

1971 డిసెంబరు యుద్ధ సమయంలో అమెరికా సాయం నిలిపివేయడంతో ఆ భాగస్వామ్యం కూడా దెబ్బతింది. అయితే అసలు చిక్కు విదేశీ సాయంలో లేదు.

ఎక్కడ ఆగింది?

ఆ ఐదారు వారాలు ముగిశాక టీచరు జూన్, జులైలో తన బడికి తిరిగొస్తాడు. యూనివర్సిటీ ల్యాబులో తాను చేసిన ప్రయోగానికి ఇక్కడ పరికరాలు లేవు. చదివింది పీఎస్‌ఎస్‌సీ, చెప్పాల్సింది రాష్ట్ర సిలబస్. శిక్షణ జరిగింది ఇంగ్లిషులో, చాలా తరగతులు నడిచేది మాతృభాషలో. అన్నిటికంటే ముఖ్యం, మార్చిలో వచ్చే పబ్లిక్ పరీక్ష. అది నిర్వచనాలు, డెరివేషన్లు అడుగుతుంది. "ఈ పరిశీలన నుంచి నీకేం తెలిసింది?" అని అడగదు.

అంటే శిక్షణ ఒక వ్యవస్థలో, ఉద్యోగం ఇంకో వ్యవస్థలో. మధ్యలో టీచరు ఒంటరి. ఇంజినీరింగ్ భాషలో చెప్పాలంటే, ఒక్క పార్టు మార్చి మిగతా యంత్రాన్ని అలాగే ఉంచాం. కొత్త పార్టు త్వరలోనే పాత యంత్రం లాగే తిరగడం నేర్చుకుంటుంది.

కొఠారి చూపిన దారి

అప్పటి యూజీసీ ఛైర్మన్ డి.ఎస్. కొఠారి (1961–73) స్వయంగా భౌతిక శాస్త్రవేత్త. ఆయన అధ్యక్షతన 1964–66 విద్యా కమిషన్ ఈ లోపాన్ని పట్టుకునే సిఫార్సులు చేసింది. ప్రతి ఐదేళ్ల సర్వీసులో ప్రతి టీచరుకు కనీసం రెండు మూడు నెలల శిక్షణ ఉండాలంది. ఒక హైస్కూలు చుట్టూ ఉన్న బడులను కలిపి స్కూల్ కాంప్లెక్స్‌గా చేయాలంది. టీచర్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ ఉండాలన్నది ఉద్దేశం. పరీక్షా సంస్కరణ కూడా అదే నివేదికలో ఉంది. 10+2+3 విధానం కూడా ఆ కమిషన్ చెప్పిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ప్లస్ టూ బడిలో కాక జూనియర్ కాలేజీలో స్థిరపడింది. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. అందుకే పై తరగతుల టీచరు అంటే మన దగ్గర జూనియర్ లెక్చరర్.

మరో విశేషం. మనం రాస్తున్న ప్రిలిమ్స్–మెయిన్స్ పద్ధతికి మూలం కూడా కొఠారి కమిటీయే (నివేదిక 1976, అమలు 1979). పరీక్ష మారితే తయారీ మారుతుందని ఆయనకు తెలుసు. ఆ పాఠం సివిల్స్‌కు అమలైంది, బడికి మాత్రం సగమే అమలైంది.

హోషంగాబాద్: అన్నీ కలిపి మార్చిన చోటు

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ దీన్ని ప్రారంభించాయి. ఢిల్లీ యూనివర్సిటీ, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు తోడయ్యారు. ఇది 6–8 తరగతుల కార్యక్రమం, హయ్యర్ సెకండరీ కాదు. అయినా మన ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

ఇక్కడా వేసవి శిక్షణ ఉంది. టీచరు కూడా పిల్లాడిలాగే ప్రయోగం చేసి, తప్పు చేసి, వాదించి నేర్చుకోవాలి. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. బడికి ప్రయోగాల కిట్ వచ్చింది. 'బాల్ వైజ్ఞానిక్' అనే కొత్త వర్క్‌బుక్ వచ్చింది. నెలనెలా టీచర్ల సమావేశాలు జరిగాయి, అక్కడ ఎవరి ఇబ్బందులు వారు చెప్పుకునేవారు. పరీక్ష కూడా మారింది: పుస్తకం తెరిచి రాయొచ్చు, ప్రయోగం చేసి చూపాలి. ఇదంతా ప్రభుత్వ బడుల్లో, ప్రభుత్వ టీచర్లతోనే జరిగింది.

1978లో కార్యక్రమం జిల్లా అంతటా విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ బాధ్యత తీసుకుంది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని ఆపేసింది. ముప్పై ఏళ్లు నడిచిన పని ఒక ఉత్తర్వుతో ఆగింది. పాలనలోకి వెళ్లాలనుకునే మనం ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. మంచి కార్యక్రమానికి వ్యవస్థలో వేళ్లు లేకపోతే సంతకం ఒక్కటి చాలు.

సంఖ్యల యుగం

1986 జాతీయ విద్యా విధానం తర్వాత శిక్షణ పరిధి బాగా పెరిగింది. పీఎంఓఎస్‌టీ కింద 1986–90 మధ్య సుమారు 17.6 లక్షల మంది టీచర్లకు పది రోజుల శిబిరాలు జరిగాయి. జిల్లా స్థాయిలో డైట్‌లు వచ్చాయి. సర్వశిక్షా అభియాన్ ఏటా 20 రోజుల శిక్షణను ప్రమాణంగా పెట్టింది. 2019 ఆగస్టు 21న ప్రారంభమైన నిష్ఠ లక్ష్యం 42 లక్షల మంది. కొవిడ్ తర్వాత అది దీక్షా వేదిక మీద ఆన్‌లైన్ కోర్సు అయింది. 2020 విధానం ఏడాదికి 50 గంటల నిరంతర వృత్తి వికాసం అడుగుతోంది.

ఐదారు వారాలు పది రోజులయ్యాయి, పది రోజులు గంటలయ్యాయి. ఇంత మందికి చేరాలంటే అంచెల పద్ధతి తప్పలేదు. జాతీయ స్థాయిలో కొందరు నేర్చుకుని రాష్ట్రానికి, వారు జిల్లాకు, జిల్లా వారు మండలానికి చెబుతారు. ఒక్కో మెట్టు దగ్గర కొంత ఒలికిపోతుంది. పైగా లెక్కలోకి వచ్చేది హాజరు, సర్టిఫికెట్. తరగతిలో ఏం మారిందన్నది లెక్కకు రాదు.

ముగింపు

టీచర్లకు ఆసక్తి లేదని తేల్చేయడం తేలిక. ఆరు దశాబ్దాల చరిత్ర అలా చెప్పడం లేదు. పరికరం, పుస్తకం, తోటి టీచర్ల తోడు, పరీక్ష నాలుగూ శిక్షణతో కలిసి నడిచిన చోట ప్రభుత్వ టీచరే తరగతిని మార్చి చూపాడు. విడివిడిగా నడిచిన చోట శిక్షణ బీరువాలో మాడ్యూల్‌గా మిగిలింది.

మా అమ్మ బీరువాలో అలాంటివి ఓ అర నిండా ఉన్నాయి. రేపు మనలో ఎవరైనా కలెక్టరుగా ఒక బడికి వెళ్తే రిజిస్టర్ అడిగే ముందు ల్యాబ్ తాళం అడుగుదాం. తాళం తుప్పు పట్టి ఉంటే ఆ బడి టీచరును నిలదీయకండి. ఆయన వెనక ఏ ఏర్పాటు లేదో చూడండి.

ప్రిలిమ్స్ కోసం: ముదలియార్ కమిషన్ 1952–53, ఎన్‌సీఈఆర్‌టీ 1961, కొఠారి కమిషన్ 1964–66, హోషంగాబాద్ (ఇప్పుడు నర్మదాపురం) 1972–2002, నిష్ఠ 2019.

మెయిన్స్ సాధన (250 పదాలు): "ఉపాధ్యాయ శిక్షణను పరీక్షా సంస్కరణ నుంచి విడదీయడమే భారత పాఠశాల విద్య ప్రధాన లోపం." స్వాతంత్ర్యానంతర అనుభవాల ఆధారంగా చర్చించండి.

జవాబు రాసినవాళ్లు కింద పెట్టండి. ఒకరివి ఒకరం దిద్దుకుందాం.