ఈశాన్యపు గాలి, తెరచాపల పందెం

పెన్షనర్ల దినోత్సవ సంచిక అనగానే డి.ఏ. బకాయిలూ, మెడికల్ బిల్లులూ గుర్తుకు రావడం సహజం. వాటి గురించి రాయగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం మన నెల్లూరు తీరపు చలికాలం గాలి గురించీ, దాన్ని నమ్ముకొని బతికిన పడవలవాళ్ల గురించీ నాలుగు మాటలు రాస్తాను.

ఓడలను సరదాకు నడిపి పందేలు వేసుకోవడం దొరల వేడుక అని మనవాళ్ల అభిప్రాయం. అందులో కొంత నిజం లేకపోలేదు. 1911లో సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ మద్రాసు రేవులో యాట్ క్లబ్బు స్థాపించారు. కానీ అంతకు చాలా ముందు నుంచే మన తీరంలో తెరచాపలు బారులు తీరి సాగుతుండేవి. వాటి వెనుక ఉన్నది వేడుక కాదు, పొట్టకూడు.

1806లో బేసిల్ కాక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరు దాకా ఉప్పునీటి కాలువ తవ్వించాడు. 1837లో దాన్ని సర్కారు తీసుకొని, విడతలు విడతలుగా ఉత్తరానికి పొడిగించింది. 1876–78 నాటి ఘోరమైన కరువులో, పనిలేని జనానికి కూలి దొరికేటట్లు మద్రాసులో కూవం, అడయారు నదుల నడుమ ముక్కను తవ్వించారు. 1878లో గవర్నరు పేరు మీద ఇది బకింగ్‌హాం కాలువ అయింది. పెదగంజాం నుంచి మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్లు. మన జిల్లా తీరం పొడవునా సాగి, పులికాట్ సరస్సు తూర్పు అంచు వెంట మద్రాసు వైపు వెళుతుంది.

మద్రాసు పొయ్యిల్లోకి కట్టెలు, వంటల్లోకి ఉప్పు, ఇళ్ల గోడలకు సున్నపు గుల్ల ఈ దారినే వెళ్లేవి. చలికాలంలో ఈశాన్యం నుంచి గాలి వీస్తుంది కనుక నిండు బరువుతో దక్షిణానికి వెళ్లే పడవకు తెరచాప ఎత్తితే చాలు. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురు. అప్పుడు గెడలు వేసో, పడవకు తాడు కట్టి గట్టు మీద మనుషులు లాగుతూనో రావలసిందే. 1899లో బెజవాడ–మద్రాసు రైలు మార్గం ఏర్పడినా పడవలు వెంటనే పోలేదు. 1965, 66 సంవత్సరాల తుపానులకు కాలువ బాగా దెబ్బతిన్నది. లారీలు పెరిగాయి. 1976 తుపానుతో మరింత పాడయింది.

ఆ కాలపు విద్యను నేను కళ్లారా చూసింది 1971 సంక్రాంతికి. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. గుమాస్తాగా చేరిన కొత్త. కనుమనాడు కాకైనా కదలదంటారు గాని, మా ఆఫీసు కుర్రాళ్లం ఎనిమిదిమందిమి తడ దగ్గర భీములవారిపాళెం చేరుకున్నాం. సరస్సులో ఉన్న ఇరకం దీవికి రెండు నావల్లో పందెం. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు చేపల పులుసుతో భోజనం పెట్టాలి.

తెల్లవారుజామున నేల మీద నుంచి సన్నటి గాలి తోలుతోంది. అవతలి నావ ఆ గాలికి సూటిగా తూర్పుకు పోయింది. మా నావ సరంగు ముసలాయన. వయసులో కాలువ మీద మద్రాసుకు కట్టెలు తోలినవాడు. ఆయన నావను ఉత్తరానికి మళ్లించాడు. మావాళ్లు గోల పెట్టారు.

“తాతా, దీవి అటు కదా?” అన్నాను.

“దీవి యాడికీ పోదులే అబ్బయ్యా. గాలే మారిపోతాది. పొద్దెక్కితే ఈశాన్యం నుంచి లేస్తాది. అప్పటికి మనం పైన ఉండాల” అన్నాడు.

పొద్దెక్కేసరికి అన్నంత పనీ అయింది. నేల గాలి చచ్చిపోయి, ఈశాన్యపు గాలి లేచింది. మాకది పక్క గాలి కావడంతో తెరచాప నిండా తీసుకొని దీవి వైపు జారిపోయాం. అవతలి నావ అడుగు చదునుది కాబట్టి గాలి దాన్ని దక్షిణానికి నెట్టేసింది. పాపం, వాళ్లు తెరచాప దించి, నడుము లోతు నీళ్లలో గెడలు పొడుచుకుంటూ మధ్యాహ్నానికి చేరారు. పులుసు మాత్రం కమ్మగా కుదిరింది.

భోజనాలయ్యాక, కొడుకులు ఏం చేస్తున్నారని సరంగును అడిగాను. కాలువ మీద పని లేక కూలికి పోయారని చెప్పాడు. తన చేతిలోని విద్య తనతోనే ఆఖరు అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లయినా నన్ను వదలలేదు.

అదే ఏడు అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. మన తీరం పేరు ప్రపంచానికి తెలిసింది, సంతోషమే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, పూడిపోయిందనుకున్న ఆ కాలువే చాలాచోట్ల అలల ఉధృతిని తనలోకి తీసుకొని ఊళ్లను కాపాడింది. 2008లో ఈ కాలువను కలుపుకొని నాలుగో జాతీయ జలమార్గాన్ని ప్రకటించారు. 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ పుణ్యమా అని చలికాలంలో జనం భీములవారిపాళెంలో పడవ ఎక్కుతున్నారు. 2022 విభజనలో సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాకు వెళ్లాయి గాని, గాలికి జిల్లాల హద్దులు ఎక్కడివి?

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల, పెన్షన్ దయాధర్మం కాదు, చేసిన సేవకు హక్కు అని మనం తలెత్తుకొని చెప్పగలుగుతున్నాం. మద్రాసు మహానగరానికి తరాల తరబడి కట్టెలు, ఉప్పు మోసిన సరంగులు చేసినదీ సేవే. వాళ్లకు సర్వీసు రిజిస్టరు లేదు, పదవీ విరమణ సభ లేదు, పూలదండ లేదు. మనం జీవితమంతా రికార్డులు రాసినవాళ్లం. మీ ఊళ్లో కాలువ మీద పడవ నడిపిన వృద్ధులెవరైనా మిగిలి ఉంటే, వాళ్ల దగ్గర కూర్చొని గాలుల పేర్లు, పడవ మాటలు, మజిలీల వివరాలు ఒక నోటు పుస్తకంలో ఎక్కించండి. మనవళ్లను కూడా వెంట తీసుకెళ్లండి. అడగవలసిన మనిషి ఉన్నప్పుడే అడగాలి.