డిచ్‌పల్లి దారి

కాజీపేట నుండి సికింద్రాబాదు పోవు రైలుమార్గమున స్టేషన్ ఘన్‌పూర్ కలదు. ఊరిపేరులోనే రైలుస్టేషను చేరియున్న ఊళ్లు మనకు బహుకొద్ది. ఇటీవల అచ్చట బండికై వేచియుండగా మా ప్రక్క బల్లపై ఒక వృద్ధుడు కూర్చుండెను. ఆయన చేతివ్రేళ్లు రెండు కురుచబడి లోనికి వంగియున్నవి. మాటలలో తెలిసినదేమన, వయసులో నుండగా కుష్ఠువ్యాధి సోకెనట. సర్కారు మాత్రలతో పూర్తిగా నయమయ్యెనట. "రోగం పోయి ముప్పై ఏండ్లాయె సారూ. చాయ్ గిలాస మాత్రం ఇంకా యేరేనే" అని నవ్వెను.

ఒకప్పుడు ఈ ప్రాంతపు రోగి చికిత్స కోరి బయలుదేరినచో, సికింద్రాబాదులో పెద్దబండి దిగి, మీటరుగేజి బండి యెక్కి, నిజామాబాదునకు కొంచెము ఇవతల డిచ్‌పల్లిలో దిగవలసియుండెను. ఆ డిచ్‌పల్లి కథయే మా నేటి ప్రసంగవిషయము. క్రైస్తవవిశ్వాసము ఒక విజ్ఞాన ఆవిష్కరణను ఎట్లు స్వీకరించినది, దానివలన తానెట్లు మారినది అను ప్రశ్నకు తెలుగునేలపై ఇంతకన్న మంచి నిదర్శనము మాకు కనబడలేదు.

కథను కొంత వెనుకనుండి ఎత్తుకొనవలెను. పాతనిబంధనలోని లేవీయకాండము పదుమూడవ, పదునాల్గవ అధ్యాయములలో ఒక చర్మవ్యాధిని గూర్చిన విధులున్నవి. యాజకుడు మచ్చను పరీక్షించును; అపవిత్రుడని తేల్చినచో రోగి పాళెము వెలుపల ఒంటిగా నివసింపవలెను. హీబ్రూభాషలో ఆ వ్యాధి పేరు 'సారాత్'. గ్రీకులోనికి వచ్చునప్పటికి అది 'లెప్రా' అయినది. మన తెలుగు బైబిలులో కుష్ఠమైనది. ఈ పేరు మార్పిడిలోనే గొప్ప చిక్కున్నది. అదే కాండములో సారాత్ బట్టలకును, ఇంటిగోడలకును పట్టునని చెప్పబడినది. నేడు మనము కుష్ఠువని పిలుచు వ్యాధి మనుష్యునకు వచ్చునది గాని గోడకు పట్టునది కాదు. కావున ఆ ప్రాచీనవిధులు అనేకరకముల పొక్కులకును, బూజునకును సంబంధించినవే యని పండితులు నిర్ణయించిరి. కొందరు ఉపదేశకులు సూక్ష్మజీవిశాస్త్రమంతయు మోషేకు ముందే తెలియునని వాదించుచుందురు. ఇది అటు గ్రంథమునకును ఇటు శాస్త్రమునకును అన్యాయమని మా అభిప్రాయము. ఏమైనను, శతాబ్దములపాటు ఐరోపాలో ఈ రోగులు ఊరివెలుపలకు వెడలగొట్టబడుటకు ఆ వాక్యములే ఆధారమైనవి. సువార్తలలో యేసు కుష్ఠరోగిని చేయిచాపి ముట్టెనని యున్నను, చదివినవారిలో ముట్టినవారు కొద్దిమందియే.

1873లో నార్వేదేశమందలి బెర్గెన్ నగరమున గెర్హార్డ్ ఆర్మౌర్ హాన్సెన్ అను వైద్యుడు రోగుల కణుపులనుండి తీసిన పదార్థములో కడ్డీలవంటి సూక్ష్మజీవులను కనుగొనెను. అంతవరకు వైద్యులలో పెక్కురు ఇది వంశపారంపర్యమని నమ్మియుండిరి. హాన్సెన్ మామగారగు డేనియల్సెన్ ఆ మతమువారిలో ముఖ్యుడు. అంటువ్యాధి కాదని చూపుటకు తన శరీరములోనికే రోగపదార్థమును ఎక్కించుకొన్న సాహసి. అల్లుడు ఆ మామగారి సిద్ధాంతమునే కూలద్రోసెను. హాన్సెన్ డార్విను సిద్ధాంతమును తన దేశమున ప్రచారము చేసినవాడు. దైవభక్తికై పేరుపొందినవాడు కాడు. మచ్చలేనివాడును కాడు. ఒక స్త్రీరోగి అనుమతి లేకయే ఆమె కంటిలోనికి రోగపదార్థమును ఎక్కింప యత్నించెను. అందువలన 1880లో న్యాయస్థానము ఆయనను ఆసుపత్రి పదవినుండి తొలగించెను. అయినను ఆయన కనుగొన్న సత్యము నిలిచినది: ఇది శాపము కాదు, పూర్వజన్మఫలము కాదు, తండ్రినుండి బిడ్డకు దిగు రక్తదోషము కాదు; ఒక క్రిమివలన కలుగు రోగము.

రోగమైనచో మందుండవలెను గదా! ఈ ఆలోచనతో తెలుగుదేశమునకు వచ్చినవారిలో ఇసబెల్ కెర్ ఒకరు. ఆమె స్కాట్లండు వనిత. 1903లో ఆబర్డీన్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను. 1907లో భర్త జార్జి కెర్‌తో కూడ హైదరాబాదు రాజ్యమునకు వచ్చి, మెథడిస్టు మిషనులో చేరి, నిజామాబాదు ప్రాంతమున 1911లో కుష్ఠురోగుల సేవ ఆరంభించెను. చోటు చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ అను హిందూదాత పెద్దమొత్తము నొసగగా 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసినది. క్రైస్తవవైద్యురాలి పట్టుదలకు హిందూధనికుని చేయి తోడైన ఈ ఘట్టమును మిషను చరిత్రలు క్లుప్తముగా దాటిపోవుచుండుట మాకు కొంత వింతగా తోచును.

ఆ రోజులలో మందన్న చాల్‌మొగ్ర నూనెయే. సుశ్రుతుడు తువరకమని చెప్పిన తైలమిదియే. త్రాగినచో కడుపు త్రిప్పి వాంతియగును. రోగులు నాలుగు దినములు త్రాగి మానుచుండిరి. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ మొదలగువారు ఆ నూనెనుండి సూదిమందులను సిద్ధపరచిరి. డిచ్‌పల్లిలో ఆ సూదులు పొడిచిరి. నొప్పి మిక్కుటము, చికిత్స దీర్ఘము. అయినను రోగులు వచ్చిరి, వచ్చి నిలిచిరి. ఊరు వెడలగొట్టినందున ఆశ్రయమునకు చేరుట వేరు, నయమగునను ఆశతో టిక్కెట్టు కొని వచ్చుట వేరు. 1923లో కెర్ దంపతులకు కైజర్-ఇ-హింద్ పతకము లభించినది. 1932లో ఇసబెల్ కన్నుమూసెను.

నిజము చెప్పవలెనన్న, ఆ నూనె రోగమును తుదముట్టించునది కాదు. కొందరికి మేలయ్యెను, పెక్కురకు తిరుగబెట్టెను. ఇందులో మనసును కలచు సంగతి యొకటి యున్నది. కెర్ దంపతులు పని మొదలిడుటకు మూడేండ్లు ముందే, 1908లో, జర్మనీ రసాయనశాస్త్రజ్ఞులు డాప్సోన్ అను పదార్థమును తయారుచేసియుండిరి. అది ఈ క్రిమిని అణచునని ఎవరికిని తెలియదు. డిచ్‌పల్లిలో రోగులు ఏండ్లతరబడి నూనెసూదులకు ఓర్చుకొన్నకాలమంతయు అసలుమందు ఎచ్చటనో సీసాలో పడియుండెను. ప్రార్థించువారికి ఇది చిన్నప్రశ్న కాదు. సమాధానము మేమిచ్చువారము కాము.

1941లో అమెరికాయందలి కార్‌విల్ ఆసుపత్రిలో గై ఫాజెట్ అనునతడు డాప్సోన్ సంతతికి చెందిన ప్రోమిన్‌ను నరములోనికి ఎక్కించి మేలు కనుగొనెను. అది ఖరీదైన మందు. పేదదేశములకు కావలసినది నోటితో మ్రింగు చౌకమాత్ర. దానిని సాధించినవారిలో ముఖ్యుడు జాన్ లో. ఈయన మొదట మన డిచ్‌పల్లిలో మిషను వైద్యుడుగా ఈ రోగమును నేర్చినవాడు. పిదప కలకత్తాలో పరిశోధించి, తుదకు నైజీరియాలోని ఉజువకోలి చేరెను. డాప్సోన్ విషమని భయపడి వైద్యులు ప్రక్కకు నెట్టియుండిరి. మోతాదు తగ్గించినచో మాత్రగా నిర్భయముగా ఇయ్యవచ్చునని లో నిరూపించి 1950లో ప్రకటించెను. అదే ఉజువకోలిలో పనిచేసిన ఫ్రాంక్ డేవీ 1968లో డిచ్‌పల్లికి వచ్చి 1973 వరకు సేవచేసెను. ఈ విధముగా ఇందూరు సీమకును ఆఫ్రికా పల్లెకును రాకపోకలు సాగినవి.

తరువాతి సంగతులు పాఠకులలో పెక్కురకు తెలిసినవే. 1964లో డాప్సోన్‌కు లొంగని క్రిమి బయటపడినది. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మూడు మందులను కలిపి యిచ్చు పద్ధతిని నిర్ణయించినది. ఆరునెలలు గాని సంవత్సరము గాని వాడిన చాలును. మందు మొదలిడిన స్వల్పకాలములోనే రోగి ఇతరులకు అంటించు స్థితి దాటును. అసలు జనులలో అత్యధికులకు ఈ క్రిమి నెదిరించు శక్తి పుట్టుకతోనే యున్నది. కోల్పోయిన స్పర్శను, వంగిన వ్రేళ్లను మాత్రము మాత్రలు తిరిగి యియ్యలేవు. చూచువారు ఆ మిగిలిన గుర్తును చూచి రోగమున్నదని భ్రమపడుదురు. ఘన్‌పూర్ వృద్ధుని చాయ్ గిలాస కథ అదియే.

1898 నాటి కుష్ఠురోగుల చట్టమును మన పార్లమెంటు 2016లో రద్దుచేసినది. కుష్ఠువు కారణముగా విడాకులు కోరు వీలును 2019లో తొలగించినది. అయినను 2023లో మనదేశమున లక్షకు పైగా క్రొత్తరోగులు నమోదైరి. ఆదివారపు ఆరాధనలో 'కుష్ఠరోగి' అను పదము చదువబడునప్పుడు, ఆ సంఘములో వెనుకబల్లపై నయమైనవాడొకడు కూర్చుండియుండవచ్చును. ఇంగ్లీషు అనువాదములు కొన్ని ఇప్పుడు ఆ చోట 'చర్మవ్యాధి' అని వ్రాయుచున్నవి. తెలుగులో మనము ఏమి వ్రాయుదుమో చూడవలెను.

ఆ దినమున బండి ఆలస్యముగా వచ్చినది. రెండు చాయ్‌లు తెమ్మని చెప్పి, ఒకే తీరు గిలాసలలో పోయుమంటిమి. దుకాణపు కుర్రవాడు మమ్ములను ఒకమారు, ఆయనను ఒకమారు చూచి, పోసెను.